వంగకుండా దీవించడం

నా ఉద్యోగం పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో కాస్త అయోమయం కనిపించేది. "ఆక్యుపేషనల్ థెరపిస్టా? అంటే ఫిజియోనా?" అనేవాళ్ళు. కాదంటే, "మరి ఉద్యోగాలు ఇప్పిస్తారా?" అని అడిగేవాళ్ళు. మా పెదనాన్న అయితే బతికున్నంతకాలం చర్చిలో అందరికీ నన్ను నర్సుగానే పరిచయం చేశాడు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత విసుగు పుట్టి ఒక్కటే చెప్పేదాన్ని. ఎముక సరిచేయడం సర్జన్ గారి పని, నడిపించడం ఫిజియో పని, ఇంటికి వెళ్ళాక ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా స్నానం చేసి, బట్ట కట్టుకుని, తన పని తాను చేసుకునేలా చూడడం నా పని.

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఎముకల విభాగంలో చాలా ఏళ్ళు చేశాను. మా ఇల్లు వెంగళరావు నగర్‌లో. పొద్దున్నే ఆటో యూసుఫ్‌గూడ మీదుగా ఎగువకి మూలుగుతూ ఎక్కేది. మా వార్డుకి వచ్చేవాళ్ళలో వ్యాపారస్తులు, సినిమావాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కువ. వాళ్ళతో కంటే వాళ్ళ కార్లతో నాకు పేచీ. నేలకి ఆనుకుని పోయే కార్లు కొనుక్కుని, తుంటి ఆపరేషన్ అయిన తల్లిని అందులో కూర్చోబెట్టి తీసుకుపోతామనేవారు. "ఆ కారు అమ్మేయండి, లేకపోతే అమ్మగారిని ఇక్కడే ఉంచండి" అనేదాన్ని. నాకు నోరు కొంచెం ఎక్కువని ఆసుపత్రిలో పేరుంది. అది నిజమే.

తుంటి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. తుంటి ఎముక విరిగితే చాలామందికి అక్కడి కీలు తీసేసి కొత్తది వేస్తారు. అది కుదురుకునేదాకా కాలు మీద కాలు వేసుకోకూడదు, కాలు లోపలికి తిప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు. కుర్చీలో నిటారుగా కూర్చుంటే ఒళ్ళూ తొడా కలిసేచోట తొంభై. అంతకన్నా ముందుకి వంగితే కీలు జారిపోవచ్చు. ఒక పెద్దాయన అన్నీ బాగానే నేర్చుకుని, రేపు ఇంటికెళతాడనగా మంచం కింద చెప్పులు అందుకోబోయాడు. ఆయన పెట్టిన కేక వరండా చివరనున్న నాకు వినపడింది. అప్పటినుంచి ఎవరు వంగబోయినా నా నోట్లోంచి ముందు అరుపు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

ఒక ఏడాది వానాకాలం చివర్లో ఆవిడ మా వార్డుకి వచ్చింది. తెరమీద ఆవిడని చూడని తెలుగిల్లు ఉండదు. అమ్మ వేషాలు, తర్వాత అత్త, ఆ తర్వాత నాయనమ్మ. గుంటూరు వైపు నాటకాల్లోంచి వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఒక ఫ్లాట్ కొనుక్కుని ఒంటరిగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "తెరమీద అంతమందిని కన్నాను, ఇంక ఇంట్లో ఎందుకు?" అనేది. బాత్రూంలో కాలు జారి తుంటి విరిగింది. ఆసుపత్రిలో తెరమీద పేరు కాకుండా చిన్నప్పటి పేరుతో చేరింది; మేకప్పూ విగ్గూ లేని నెరిసిన తలని ఎవరూ పోల్చుకోలేదు. బయట అందరికీ కాశీ వెళ్ళానని చెప్పించింది.

అంత రహస్యం ఎందుకో నాకు మొదట అర్థంకాలేదు. పెద్దవాళ్ళు పడతారు, విరుగుతుంది, అందులో సిగ్గుపడేదేముంది అనుకున్నాను.

ఆపరేషన్ అయిన రెండోరోజు ఆవిడని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, పొడుగు పిడి ఉన్న పట్టుకర్రతో చీర కుచ్చిళ్ళ అంచు ఎలా సర్దుకోవాలో చూపిస్తున్నాను. మా వార్డు ఆయమ్మ దుప్పటి మార్చడానికి వచ్చింది. ఆవిడ "కాస్త ఫ్యాను తగ్గించమ్మా" అన్న ఒక్క మాటకి ఆయమ్మ చేతిలో దుప్పటి జారిపోయింది.

"మీరు గా అమ్మనే కదా! గొంతు ఇనంగనే గుర్తువట్టిన. ఒక్కపారి కాళ్ళు మొక్కనీయుండ్రి" అంటూ ఆయమ్మ నేలమీద పడిపోయింది.

ఆవిడ మొహం మారిపోయింది. కళ్ళు మెత్తబడ్డాయి. రెండు చేతులూ ముందుకి చాపి, "లే తల్లీ, లే" అంటూ ఆయమ్మ భుజాలు పట్టి లేపడానికి వంగడం మొదలుపెట్టింది.

"ఆగండి!" అని అరిచాను. వార్డంతా ఆగింది. గది బయట సెలైన్ స్టాండు తోసుకుంటూ పోతున్న ఒకాయన కూడా ఆగాడు.

అప్పుడు నాకు తట్టింది. కమోడు మీద కూర్చోవడం నేర్పాను, మంచం దిగడం నేర్పాను, కిందపడిన కళ్ళజోడు తీసుకోవడం నేర్పాను. కాళ్ళకి దణ్ణం పెడితే ఏం చేయాలో ఇన్నేళ్ళలో ఎవరికీ నేర్పలేదు. మేము క్రైస్తవులం. మా ఇంట్లో కాళ్ళకి మొక్కడం లేదు. పెద్దవాళ్ళు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, అంతే. కానీ సినిమావాళ్ళ సంగతి వేరు. పొద్దున సెట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి పెద్దవాళ్ళ కాళ్ళ మీద పడుతూనే ఉంటారు. ఆ పెద్దవాళ్ళు వంగి లేపుతూనే ఉంటారు.

"రోజుకి ఎంతమంది మీ కాళ్ళకి మొక్కుతారమ్మా?" అని అడిగాను.

"అదేం ప్రశ్న? ఎంతమంది ఉంటే అంతమంది" అంది.

"వాళ్ళందరినీ వంగి లేపుతారా?"

"మరి పడుకోబెట్టి వదిలేస్తానా?" అంది.

అసలు విషయం ఆరోజు సాయంత్రం బయటపడింది. కాశీ నుంచి రాగానే ఆవిడ ఒక సినిమా చేయాలి. చాలాకాలం తర్వాత వచ్చిన పెద్ద వేషం. కథంతా ఒక తల్లి మీద నడుస్తుంది. తగాదా పడి ఇల్లు వదిలిపోయిన కొడుకు చివర్లో తిరిగొచ్చి కాళ్ళమీద పడతాడు. తల్లి వంగి, భుజాలు పట్టి లేపి, మొహం రెండు చేతుల్లోకి తీసుకుంటుంది. అలా లేపడంలో ఆవిడని మించినవాళ్ళు లేరని ఇండస్ట్రీలో పేరు. ఎంతమంది హీరోలని అలా లేపిందో ఆవిడకే లెక్క తెలియదు.

"ఆ షాట్ కోసమే డైరెక్టరు నన్ను పెట్టుకున్నాడమ్మాయ్. కథ చెబుతూ అక్కడికి రాగానే ఆయనకే గొంతు పూడుకుపోయింది" అంది.

"ఆపరేషన్ సంగతి ఆయనకి చెప్పండి. రెండు మూడు నెలలు ఆగితే..."

"ఆగరు. హీరో డేట్లు మళ్ళీ దొరకవు. నా బదులు ఇంకొకరిని పెట్టుకుంటారు." కిటికీ వైపు చూస్తూ చెప్పింది. ఆవిడతోపాటే వేషాలు వేసిన ఒక నటి మోకాలు దెబ్బతిని కుంటడం మొదలుపెట్టిందట. అందరూ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారట. "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారట. తర్వాత ఆ ఇంట్లో ఫోన్ మోగలేదట. "ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పాపం, ముసలావిడని ఎందుకు శ్రమపెట్టడం అనుకుంటారు. అలా అనుకున్నారంటే నా పని అయిపోయినట్టే. వేషం లేకపోతే ఆ ఫ్లాట్లో నేను పొద్దున్న లేచి ఏంచేయను, చెప్పు?"

నాకు కోపం వచ్చింది. ఒక షాట్ కోసం కొత్త కీలు పోగొట్టుకుంటానంటున్న మనిషి మీద కోపం. దానికి తోడు, ఆవిడ అడిగింది న్యాయంగానే ఉందన్న సంగతి మీద ఇంకా కోపం. మా చదువు చెప్పేది అదే కదా. మనిషికి తన పని తిరిగి ఇవ్వాలి. ఒకరికి వంటిల్లు, ఒకరికి కుట్టుమిషను. ఆవిడ పని ఇది.

"ఒక్కసారి వంగితే ఏమవుతుంది?" అంది.

"ఒక్కసారి చాలమ్మా, జారడానికి" అన్నాను.

సర్జన్ గారు విషయం విని, "చేయకపోతేనే మంచిది" అని నావైపు చూసి వెళ్ళిపోయారు. పెద్ద డాక్టర్లు చల్లగా ఇలాంటివి మన నెత్తిన పెట్టిపోతుంటారు.

మర్నాటి నుంచి మా సాధన మొదలైంది. ముందు, దణ్ణం పెట్టడానికి వచ్చేవాళ్ళు నడుము వంచకముందే వాళ్ళ చేతులు పట్టేసుకోవడం నేర్పాను. అది ఆవిడ ఇట్టే పట్టేసింది. రెండోది షాట్ కోసం. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి, ఆపరేషన్ అయిన కాలు నిటారుగా వెనక్కి జరిపి, మంచి కాలి మోకాలు కొద్దిగా వంచితే, తుంటి దగ్గర ముడత పడకుండా ఒళ్ళు కొంత కిందికి దిగుతుంది. కింద ఉన్నవాడు సగం తనంతట తాను లేస్తే భుజం చేతికి అందుతుంది. కాలు వెనక్కి పోయిన సంగతి చీర కప్పేస్తుంది.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, హీరో వేషం ఆయమ్మకి ఇచ్చాం. ఆమె ఆనందం చెప్పలేను. రోజూ పని ముగించుకుని వచ్చి, కొంగు నడుముకి చుట్టి, ఆవిడ కాళ్ళమీద పడేది. "మేడం, నేను మంచిగ చేస్తున్ననా?" అని నన్ను అడిగేది. నటన గురించి అడుగుతోందని తెలిసి కూడా, "మోకాలు జాగ్రత్తగా ఆనించు, నీకు కూడా నేనే వైద్యం చేయాల్సి వస్తుంది" అనేదాన్ని.

ఊరికే చేస్తే ఆవిడ ఒక్క తప్పు చేసేది కాదు. చెయ్యి కుర్చీ మీద, కాలు వెనక్కి, వీపు నిటారుగా. చిక్కంతా డైలాగ్ దగ్గర వచ్చేది. "వచ్చావా నాన్నా" అన్న మాట నోట్లోంచి రావడం ఆలస్యం, కుర్చీ మీద చెయ్యి వదిలేసి మనిషి మొత్తం ముందుకి వంగిపోయేది. నేను ఆవిడ నడుముకి వెడల్పాటి పట్టీ కట్టి, వెనకాల నిలబడి పట్టుకునేదాన్ని కాబట్టి సరిపోయింది.

"మాట లేకుండా చేస్తే మీరు నా పేషెంటు. మాట వస్తే ఎవరి మాటా వినరు" అని కసిరాను.

"మాట వస్తే ఒళ్ళు ఆగదమ్మాయ్. యాభై ఏళ్ళ అలవాటు" అంది. నిజంగానే బాధపడింది.

మా ఇంట్లో పద్ధతి చెప్పాను. వంగకండి, తలమీద చెయ్యి పెట్టండి, అది కూడా దీవెనే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "అది మీ పాస్టరు గారి పద్ధతి. నేను తల్లిని. బిడ్డ కిందపడి ఉంటే నిలబడి చెయ్యి చాపే తల్లి ఉంటుందా? అలా నిలబడేవాళ్ళు మా సినిమాల్లో జమీందారు పెళ్ళాలు" అంది.

డిశ్చార్జి అయ్యాక నేను ఫిల్మ్ నగర్‌లో ఆవిడ ఫ్లాటుకి వెళ్ళేదాన్ని. సోఫా మరీ పల్లంగా ఉంది. కుర్చీలు, మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు వేయించాలి. వడ్రంగిని పిలిస్తే రహస్యం పొక్కుతుందని భయం, ఎందుకంటే ఆ చుట్టుపక్కల వడ్రంగులంతా సెట్ల మీద పనిచేసేవాళ్ళే. చివరికి ఆవిడే ఉపాయం చెప్పింది. వాస్తు బాగాలేదట, అందుకని సామాన్లన్నీ నాలుగంగుళాలు లేపాలట. వడ్రంగి మారు మాట్లాడకుండా దిమ్మలు కొట్టి వెళ్ళాడు. ఈ ఊళ్ళో వాస్తు అని చెబితే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

షూటింగ్ నాటికి ఆపరేషన్ అయి ఆరు వారాలైంది, కర్ర లేకుండా నడుస్తోంది. ఆరోజు నన్ను కూడా రమ్మంది. తమ్ముడి కూతురినని చెప్పమంది. నేను సెలవు పెట్టి, మంచి చీర కట్టుకుని వెళ్ళాను. స్టూడియోలో పాతకాలపు మండువా ఇంటి సెట్ వేశారు. స్తంభాలు అసలైనవే అనుకుని ముట్టుకుంటే ప్లైవుడ్. మేకప్ వ్యాన్ మెట్లు చూసి నా గుండె జారింది, అంత ఎత్తున్నాయి. ఆవిడ మాత్రం, "ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు" అని పెదాలు కదలకుండా గొణుక్కుంటూ ఎక్కేసింది. కూర్చోవడానికి గుడ్డ కుర్చీ తెచ్చి వేశారు. అందులో కూర్చుంటే మనిషి గోతిలోకి దిగినట్టే. నేను గబగబా ఒక చెక్క కుర్చీ లాక్కొచ్చి, "అత్తయ్యకి నడుము నొప్పి" అన్నాను. అబద్ధం ఆడడం నాకు కొత్త. మొహం వేడెక్కిపోయింది.

తర్వాత దణ్ణాల వరస మొదలైంది. కెమెరా మనుషులు, లైట్లవాళ్ళు, ప్రొడక్షన్‌వాళ్ళు, డాన్సు పిల్లలు. "కాశీ నుంచి వచ్చారంట కదమ్మా" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వంగబోవడం, ఆవిడ ముందే చేతులు పట్టేసుకుని, "ఉండండిరా, గంగలో మునిగొచ్చిన దాన్ని, పుణ్యమంతా మీరే పట్టుకుపోతారా" అనడం. ఒక్కరినీ కింద పడనివ్వలేదు. నేను దూరంగా నిలబడి గర్వంతో ఉబ్బిపోయాను. ఆవిడ కూడా నావైపు చూసి కన్ను గీటింది.

షాట్ స్తంభం పక్కన. ఆనుకోవడానికి వీలుగా లోపల ఇనప గొట్టం ఉన్న స్తంభం చూసి అక్కడ నిలబడతానని ఆవిడే అడిగింది. హీరో ఇరవై అయిదేళ్ళవాడు, పెద్ద ఇంటి బిడ్డ, కానీ నెమ్మదస్తుడు. రిహార్సల్ చేశారు. చెయ్యి స్తంభం మీద, కాలు వెనక్కి, వీపు నిటారుగా. నేను నేర్పినట్టే. డైరెక్టరు తల ఊపాడు.

టేక్ అన్నారు. ఆ అబ్బాయి వాకిట్లోంచి వచ్చి, ఒక క్షణం ఆవిడ మొహం చూసి, కాళ్ళమీద పడ్డాడు. నిజంగా ఏడ్చాడు. వీపు ఎగసెగసి పడుతోంది. ఆవిడ పెదవి వణికింది. "వచ్చావా నాన్నా" అంది. ఆ గొంతు విని నాకే కళ్ళు మసకబారాయి. ఆ మసకలోనే చూశాను, చెయ్యి స్తంభాన్ని వదిలేసింది. రెండు చేతులూ ముందుకి వచ్చాయి. నడుము వంగుతోంది.

"అమ్మా, వంగొద్దు!" అని అరిచాను.

మన సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగులో చెబుతారు కాబట్టి షాట్ నడుస్తుండగా ఎవరో ఒకరు ఏదో ఒకటి అరుస్తూనే ఉంటారు. కానీ నా అరుపు ఆ రకం కాదు. సెట్ మొత్తం బిగుసుకుపోయింది. ఆవిడ సగంలో ఆగి, తడుముకుని స్తంభం పట్టుకుంది.

"ఎవరామె?" అన్నాడు డైరెక్టరు.

ఆవిడ నావైపు చూసింది. అలాంటి చూపు నన్ను మళ్ళీ ఎవరూ చూడలేదు, చూడకూడదనే కోరుకుంటాను. ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుందని అనుకున్నాను. కంగారు పిల్ల, మా తమ్ముడి కూతురు అంటుందనుకున్నాను. ఆవిడకి అదెంత పని. కానీ స్తంభం మీద చెయ్యి వణుకుతోంది. కాళ్ళ దగ్గర ఉన్న అబ్బాయి ఆ వణుకు చూసి, మెల్లిగా, "ఎక్కడ నొప్పమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంతో ఆవిడ పట్టు సడలిపోయింది.

"నేను కాశీ వెళ్ళలేదు నాయనా. తుంటి విరిగింది. కొత్తది వేశారు. ఆ అరిచింది నాకు వైద్యం చేసే పిల్ల" అంది.

డైరెక్టరు భోజనాలకి బ్రేక్ చెప్పాడు. ఇంకా పన్నెండు కూడా కాలేదు.

వ్యాన్లో ఇద్దరమే కూర్చున్నాం. బయట అందరూ చిన్న గొంతుకలతో మాట్లాడుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. నేను నొప్పి ఉందా అని అడిగాను. కాలు కదిపి చూపించమన్నాను. చూపించింది. కీలు బాగానే ఉంది.

"నీకేం. నీ కీలు నిలబడింది. నా వేషం పోయింది" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నాను. "మళ్ళీ అరవాల్సి వస్తే మళ్ళీ అరుస్తానమ్మా. మీరు వంగితే నేను ఊరుకోలేను." ఇప్పటికీ అదే అంటాను. ఆరోజు అరిచినందుకు నాకు ఏమాత్రం పశ్చాత్తాపం లేదు. కానీ ఆవిడ వేషం పోతుందన్న బాధతో పెట్టిన భోజనం ముట్టుకోలేదు.

ఇద్దరి విస్తళ్ళూ అలాగే ఉండగా డైరెక్టరు తలుపు తట్టి లోపలికి వచ్చాడు. "వేరేవాళ్ళని చూసుకో నాయనా, నేనేమీ అనుకోను" అంది ఆవిడ, ఆయన నోరు తెరవకముందే. ఆయన, ఎదురుపడినప్పుడల్లా కాళ్ళకి మొక్కే అలవాటు కొద్దీ ఆవిడ ముందు వంగాడు. సగంలో గుర్తొచ్చింది. కాళ్ళు ముట్టుకుంటే ఆవిడ వంగుతుంది. కిందికి పోలేడు. లేచి నిలబడిపోతే అమర్యాద. ఏం చేయాలో తెలియక అలాగే సగం వంగి ఆగిపోయాడు. కుర్చీ చేతిమీద ఉన్న ఆవిడ చేతికి సరిగ్గా ఎదురుగా వచ్చింది ఆయన తల. ఆయన మెల్లిగా తలని ఆ చేతి దగ్గరకి తెచ్చాడు. ఆవిడ ఒక క్షణం ఆగి, చెయ్యి ఎత్తి తలమీద పెట్టింది.

ఆయన అలాగే ఉండి, "ఇలా తీద్దామమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం అలాగే తీశారు. కొడుకు కాళ్ళమీద పడతాడు. తల్లి లేపదు. స్తంభం పట్టుకుని నిలబడి ఉంటుంది, ఒక చెయ్యి మాత్రం సగం దాకా చాపి. కొడుకు తలెత్తి చూస్తాడు. తనంతట తాను మోకాళ్ళ మీదికి లేచి, తల ఆ చేతి కిందికి తెచ్చుకుంటాడు. అంతవరకూ ఆ చెయ్యి గాల్లో ఎదురుచూస్తూ ఉంటుంది. ఒకే టేక్. కట్ చెప్పడం డైరెక్టరు మర్చిపోతే అసిస్టెంటు చెప్పాడు. ఎవరో పరిగెత్తి గుమ్మడికాయ తెచ్చి ఆవిడకి దిష్టి తీశారు.

"తలమీద చెయ్యి పెట్టమని నేను మొదట్లోనే చెప్పాను" అన్నాను, ఉండబట్టలేక.

"నువ్వు చెబితే వైద్యం. ఆయన చెబితే సీను" అంది. ఆ తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు, కారు దాకా.

ఆ సినిమా తర్వాత ఆవిడకి వేషాలు వెల్లువెత్తాయని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధం ఎందుకు? ఫోన్లు తగ్గాయి. పళ్ళు పట్టుకుని కొందరు వచ్చారు, విశ్రాంతి తీసుకోమన్నారు. కానీ పూర్తిగా ఆగిపోలేదు. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి, ఎక్కువగా ఎత్తు కుర్చీలో కూర్చుని చెప్పే వేషాలు. ఆవిడకి అవి చాలు. పొద్దున్న లేచి తయారవడానికి ఒక చోటు ఉండాలి, అది ఉంది. ఒక మార్పు మాత్రం నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఏదో పనిమీద స్టూడియోకి వెళ్ళాను. అక్కడ ఆవిడ కాళ్ళకి ఎవరూ మొక్కడంలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తల వంచి, ఆవిడ చెయ్యి ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తుకి తెచ్చి నిలబడుతున్నారు. పొడుగువాళ్ళు మోకాళ్ళు వంచుతున్నారు. ఇదేమిటని అడిగితే, "అమ్మగారికి ఇలాగే చెయ్యాలండీ" అని కొత్తగా చేరిన ఒకామె నాకే నేర్పబోయింది.

నేను వైద్యం చేయడానికి ఆవిడ ఇంటికి చివరిసారి వెళ్ళిన రోజు ఇంకా గుర్తుంది. కొత్త కీలు కుదురుకుంది, ఇంక నా అవసరం లేదు. వాస్తు కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. నేను పట్టుకర్ర, పట్టీ సంచిలో సర్దుకున్నాను. వెళ్ళొస్తానన్నాను. గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకో వెనక్కి వచ్చాను. నా జన్మలో ఎవరి కాళ్ళకీ మొక్కలేదు, ఆరోజూ మొక్కలేదు. కుర్చీ ముందు నిలబడి, ఆవిడ చెయ్యి ఉన్న ఎత్తుకి తల వంచాను.

ఆవిడ చెయ్యి రాలేదు. టీ కప్పు పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. ఓరగా చూశాను. ఆపరేషన్ అయిన కాలు ముందుకి చాపింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించింది. వీపు నిటారుగా ఉంచి, ఒళ్ళు ముందుకి వాలకుండా లేచి నిలబడింది. నేను ఒక్కమాట చెప్పలేదు. అప్పుడు నా తలమీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.

"తొంభై దాటలేదుగా?" అంది.

"దాటలేదమ్మా" అన్నాను, వంచిన తల ఎత్తకుండానే.